చెక్ ట్రే ఖాళీగా వస్తే గుంటలో రొయ్య లేదనగలమా?

ప్రశ్న: నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, సముద్రం వైపు, ఆరెకరాల్లో రొయ్యల సాగు చేస్తున్నాను. రాత్రిపూట నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడానికి ఎక్కువగా గుంటల దగ్గరే పడుకుంటాను. ఆ మధ్య ఒక తెల్లవారుజామున పదిహేను ఇరవై చుక్కలు ఒకే వరుసలో, ఏమాత్రం చప్పుడు లేకుండా ఆకాశంలో పోవడం నేనూ మా కాపలా మనిషీ చూశాం. ఇంటికి వెళ్లి చెబితే, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి అవి మనుషులు పంపినవేననీ, అయితే వేరే గ్రహాల్లో మనలాగా ఆలోచించే జీవులు ఉండి తీరతారనీ చెప్పింది. దేవుడు మనల్నే పుట్టించాడు, ఇంకెక్కడా ఎవరూ లేరని నేనన్నాను. "లేరని నీకెట్టా తెలుసు నాయనా?" అంది. జవాబు తోచక గట్టిగా కసిరాను. ఆనాటి నుంచి నా ముందు ఆ మాటే ఎత్తడం లేదు. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ని. అసలు ఉన్నారా, లేరా? ఆ పిల్లకు నేనేం చెప్పాలి?

సమాధానం: ముందు ఆ వరుస చుక్కల సంగతి తేల్చుకుందాం. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు అయి ఉండాలి. స్పేస్‌ఎక్స్ సంస్థ ఇంటర్నెట్ అందించడం కోసం 2019 నుంచి వీటిని ఒక్కో రాకెట్‌లో పదుల సంఖ్యలో పంపుతోంది. వదిలిన మొదటి కొద్ది రోజులూ అవి ఒకదాని వెనక ఒకటి బండ్ల బారులాగా సాగి, ఆ తర్వాత సుమారు 550 కిలోమీటర్ల ఎత్తుకు చేరి దూరదూరంగా సర్దుకుంటాయి. మీ గట్ల మీద ఇంకా చీకటిగా ఉన్న వేళకే అంత ఎత్తున ఎండ పడుతుంది కాబట్టి అవి మెరుస్తూ కనబడతాయి. అక్కడి నుంచి చప్పుడు మనదాకా మోసుకొచ్చే గాలి లేదు కాబట్టి నిశ్శబ్దంగా పోతాయి. శ్రీహరికోట నుంచి రాత్రివేళ రాకెట్టు లేచినప్పుడు దక్షిణాన కనబడే నిప్పుచార మీ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా అలవాటే, దాన్ని చూసి ఎవరూ గ్రహాంతరవాసులని అనుకోరు. ఇది అలవాటు లేని దృశ్యం కావడమే ఇక్కడి తేడా. ఈ విషయంలో మీ అమ్మాయి చెప్పిందే నిజం.

ఇక అసలు ప్రశ్న. భూమి మీద తప్ప మరోచోట బుద్ధిజీవులు ఉన్నారనడానికి ఈ రోజు వరకు ఎవరి దగ్గరా ఆధారం లేదు, లేరనడానికీ లేదు. అందువల్ల మీ ఇంట్లో జరిగిన వాదనలో మీరిద్దరూ తెలిసినదానికంటే ఎక్కువే మాట్లాడారు. అయితే ఆ పిల్ల అడిగిన "నీకెట్టా తెలుసు" అన్న ప్రశ్న మాత్రం శాస్త్రజ్ఞులు ఒకరినొకరు రోజూ వేసుకునే ప్రశ్నే, కాబట్టి దానికి కసరకుండా ఉండవలసింది. అదే ప్రశ్న ఆమె అన్న "ఉండి తీరతారు" అనే మాటకూ వర్తిస్తుందన్న సంగతి ఆమెకు ఇంకా తట్టినట్టు లేదు. దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ముందు మీ "లేరు" అన్న మాట తీసుకుందాం. మీరు మేత వేశాక చెక్ ట్రే (రొయ్య మేత తింటున్నదో లేదో చూసే పళ్లెం) దించి, కాసేపాగి పైకి లాగి చూస్తారు. ట్రేలో ఒక్క రొయ్యా లేకపోతే గుంటలో రొయ్యే లేదని మీరు ఆ పూటే తీర్మానించుకుని మోటార్లు కట్టేయరు. అమావాస్యకో పౌర్ణమికో రొయ్య పెంకు విడిచే మౌల్టింగ్‌లో ఉండి మేతకు రాలేదేమో, ట్రే దించిన మూల నేల బాగాలేదేమో, లాగడంలో తొందరపడ్డామేమో అని ఆలోచిస్తారు. మరో మూల దించి చూస్తారు, ఇంకా అనుమానం ఉంటే వల విసిరి చూస్తారు. ఆకాశంలో జరుగుతున్న వెతుకులాట కూడా అచ్చంగా ఇటువంటిదే, కాకపోతే గుంట ఎంత పెద్దదో తలచుకుంటేనే గుండె జారుతుంది.

మొదటి ట్రే దించినవాడు ఫ్రాంక్ డ్రేక్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1960లో ఆయన వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల వెడల్పున్న రేడియో టెలిస్కోపును మనకు దగ్గరగా, సూర్యుడిని కొంత పోలి ఉండే రెండు నక్షత్రాల వైపు తిప్పి, కొన్ని నెలల వ్యవధిలో దాదాపు 150 గంటలు విన్నాడు. ఆ నక్షత్రాల పేర్లు టౌ సీటీ, ఎప్సిలాన్ ఎరిడానీ. రెండో పేరు గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది. ఆయన విన్నది 1420 మెగాహెర్ట్జ్ అనే రేడియో మీట (పౌనఃపున్యం) దగ్గర. విశ్వంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న హైడ్రోజన్ వాయువు సహజంగా ఆ మీటనే పలుకుతుంది కాబట్టి, తెలివిగల జీవులు ఎక్కడున్నా ఆ అంకె వారికీ తెలిసే ఉంటుందనీ, పలకరించదలిస్తే దాన్నే ఎంచుకోవచ్చనీ ఆయన ఊహ. ఏమీ వినబడలేదు. ఆ తర్వాత ఎన్నో దేశాలవారు, ఎంతో పెద్ద పరికరాలతో విన్నారు. అయితే మన పాలపుంత ఒక్కదానిలోనే పదివేల కోట్లకు పైగా నక్షత్రాలున్నాయి. ఎటు వినాలి, ఏ మీట మీద వినాలి, ఎప్పుడు వినాలి, ఎంత సన్నని శబ్దం దాకా వినాలి అన్నవన్నీ కలిపి లెక్కవేస్తే, వెతకవలసినదంతా ప్రపంచ సముద్రాల నీరు అనుకుంటే ఇంతవరకు వెతికింది ఒక చిన్న ఈతకొలను నీరంత ఉంటుందని 2018లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మీరు "లేరు" అన్నది ఆ కాస్త నీళ్లను చూసి బంగాళాఖాతంలో చేప లేదన్నట్టే.

మీ అమ్మాయి వాదనను నేను ఊహించగలను: ఇన్ని కోట్ల నక్షత్రాలు, వాటికి ఇన్ని గ్రహాలు, ఇన్నిటిలో మనలాంటివారు ఎవరో ఒకరు ఉండకపోతారా? వినడానికి బలంగానే ఉంటుంది. దీన్ని పరీక్షించడానికి డ్రేక్ 1961లో ఒక గుణకారం రాశాడు, అది మీరు పంట అంచనా కట్టే పద్ధతిలోనే ఉంటుంది. ఎకరాకు లక్ష రొయ్య పిల్ల వదిలి, నూటికి డెబ్బై బతికి, నలభై కౌంటుకు (కిలోకు నలభై రొయ్యలు) వస్తే ఎకరాకు 1,750 కిలోలని మీరు నోటితోనే చెప్పేస్తారు. డ్రేక్ కూడా అలాగే ఏటా ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయి, వాటిలో ఎన్నిటికి గ్రహాలున్నాయి, ఆ గ్రహాల్లో జీవానికి అనువైనవెన్ని, అనువైనవాటిలో నిజంగా జీవం పుట్టేదెక్కడ, పుట్టినచోట బుద్ధి వికసించేదెంత, బుద్ధి వికసించినవారిలో రేడియో వంటి సాధనాలతో సంకేతాలు పంపగలిగేవారెందరు, అలా పంపుతూ ఎన్నేళ్లు నిలుస్తారు అని ఒక్కొక్కటే తీసుకుని హెచ్చవేశాడు.

ఈ వరుసలో మొదటి లెక్కలు ఇప్పుడు గట్టిగా తెలుసు. సూర్యుడివంటి మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని 1995లో మొదటిసారి కనుగొన్నారు, అందుకు మేయర్, కెలో అనే ఇద్దరికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు తొమ్మిదేళ్లు పనిచేసి వేలకొద్దీ గ్రహాలను పట్టి ఇచ్చింది, ఇప్పుడు నిర్ధారణ అయిన గ్రహాల సంఖ్య 6,000 దాటింది, సగటున నక్షత్రానికి ఒక గ్రహమైనా ఉంటుందని చెప్పగలుగుతున్నారు. పిల్ల ఎంత వదిలామో తెలిసినట్టే. తెలియనిది బతుకు శాతం. అనువైన గ్రహం మీద జీవం పుట్టే అవకాశం నూటికి తొంభయ్యా, కోటికి ఒకటా అన్నది చెప్పడానికి మన దగ్గర ఉన్నది ఒకే ఒక్క గుంట, అది మన భూమి. ఒక గుంట పంటను చూసి జిల్లా మొత్తం పంట చెప్పమంటే మీరు ఒప్పుకుంటారా? నక్షత్రాల సంఖ్య ఎంత పెద్దదైనా దాన్ని హెచ్చవేసే భిన్నం అంతకంటే చిన్నదైతే జవాబు ఒకటి దగ్గరే ఆగిపోవచ్చు, ఆ ఒకటీ మనమే కావచ్చు. "ఉండి తీరతారు" అనడానికి ఈ అంకె తెలిసి తీరాలి.

అయితే మన ఒక్క గుంట నేర్పేది కొంత ఉంది. భూమి వయసు దాదాపు 450 కోట్ల ఏళ్లు. రాళ్లలో సూక్ష్మజీవుల జాడలు 350 కోట్ల ఏళ్ల నాటివి దొరికాయి. అంటే భూమి చల్లబడి నీరు నిలిచాక జీవం ఆలస్యం చేయలేదు. ఆ తర్వాత మాత్రం చాలా ఆలస్యం జరిగింది. మూడింట రెండు వంతులకు పైగా కాలం భూమి మీద కంటికి కనబడే జంతువే లేదు. నేటి మనిషి వచ్చి సుమారు మూడు లక్షల ఏళ్లే అయింది, ఆ మనిషి రేడియో తరంగాలను పుట్టించి పట్టుకోవడం నేర్చి నూట ముప్పై ఏళ్లకు కాస్త అటూ ఇటూ (మన జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో వాటితో గంట మోగించి చూపించింది ఆ తొలి రోజుల్లోనే). ఇంకొక సంగతి కూడా నన్ను ఆలోచింపజేస్తుంది. కన్ను అనే అవయవం వేర్వేరు జంతుజాతుల్లో విడివిడిగా పలుమార్లు పుట్టింది. రొయ్యకు కాడల మీద ఉన్న కన్ను వేరు, మన కన్ను వేరు. రేడియో కట్టగల బుద్ధి మాత్రం ఇన్ని కోట్ల ఏళ్లలో, ఇన్ని లక్షల జాతుల్లో ఒక్కసారే వచ్చింది. అందువల్ల నా మటుకు నాకు, సూక్ష్మజీవులు విశ్వంలో పలుచోట్ల ఉండే అవకాశం ఎక్కువనీ, మాట్లాడదగిన పొరుగువారు చాలా అరుదనీ అనిపిస్తుంది. ఇది నా మొగ్గు మాత్రమే, ఋజువు కాదు. మీ అమ్మాయి దీనితో విభేదిస్తే ఆమెను తప్పు పట్టడానికి నాకేమీ హక్కు లేదు.

డ్రేక్ లెక్కలోని చివరి అంకెను, అంటే ఎన్నేళ్లు నిలుస్తారన్నదాన్ని, మీ ప్రాంతంవారికి వివరించనక్కరలేదు. 1990ల తొలి సంవత్సరాల్లో టైగర్ రొయ్యతో నెల్లూరు తీరమంతా కళకళలాడింది. పిల్ల ఉంది, మేత ఉంది, కౌంటు ఉంది, ధర ఉంది. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చాక, ఆ లెక్కలన్నీ సరిగ్గానే ఉండి కూడా, గుంటలు రోజుల వ్యవధిలో ఊడ్చుకుపోయాయి. నాగరికతల సంగతీ అంతే కావచ్చు. ఒక జాతి రేడియో కనిపెట్టాక అణుయుద్ధంతోనో, రోగంతోనో, వాతావరణాన్ని పాడుచేసుకునో వెయ్యేళ్లలో ముగిసిపోతే, పాలపుంత ఆయుష్షులో అది ఒక రెప్పపాటు కూడా కాదు. చీకటి రాత్రి రెండు దూరపు గట్ల మీద ఇద్దరు కాపలావాళ్లు ఉన్నారనుకోండి. రాత్రంతటిలో ఒకడు పదకొండింటికి ఒక్క క్షణం, రెండోవాడు మూడింటికి ఒక్క క్షణం టార్చి వేస్తే, ఇద్దరూ ఉన్నట్టే, అయినా తానొక్కడినే ఉన్నానని ఎవరికి వారు అనుకుంటూ తెల్లవారిపోతుంది. ఆకాశం నిశ్శబ్దంగా ఉండడానికి నాకు అన్నిటికంటే నమ్మదగినదిగా తోచే కారణం ఇది.

మరి ఉంటే ఎందుకు రారు అని మీకు తోచవచ్చు. భౌతిక శాస్త్రజ్ఞుడు ఎన్రికో ఫెర్మీ 1950లో లాస్ అలమోస్‌లో భోజనం దగ్గర ఇదే అడిగాడు. దూరం దీనికి సగం జవాబు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది, అంటే మీ ఊరి నుంచి నెల్లూరుకు మూడు సెకన్లు కూడా పట్టని వేగం. అంత వేగంతో, మనకు అతిదగ్గర నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపే పోయిందనుకున్నా, 4.24 కాంతి సంవత్సరాల (వెలుగుకు 4.24 ఏళ్లు పట్టే) దూరం దాటడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. ఆ నౌకలో బంగారుపూత పూసిన రాగి రికార్డు ఒకటి ఉందనీ, అందులో 55 భాషల పలకరింపుల్లో మన తెలుగు కూడా ఉందనీ మీ అమ్మాయికి చెప్పండి. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు చెప్పే ఆ చిన్న వాక్యం ఇప్పుడు సూర్యుడి గాలులు కూడా చేరని చోటికి వెళ్లిపోయింది. 1974లో అరెసిబో టెలిస్కోపు నుంచి ఒక నక్షత్రాల గుంపుకు పంపిన రేడియో సందేశానికైతే, వెళ్లడానికే పాతిక వేల ఏళ్లు, జవాబు వస్తే రావడానికి మరో పాతిక వేల ఏళ్లు.

ఇదంతా చెప్పాక, ఫోన్లలో తిరిగే "దొరికిపోయారు" వార్తల గురించి కొంత హెచ్చరించాలి, ఎందుకంటే ఇంటర్ వయసు పిల్లలు వాటిని ఎక్కువగా చూస్తారు. 1967లో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని ఆకాశం నుంచి 1.33 సెకన్లకొకసారి గడియారంలా వచ్చే రేడియో చప్పుడును పట్టుకుంది. దానికి మొదట సరదాగా "చిన్ని పచ్చ మనుషులు" అని పేరు పెట్టుకున్నారు, చివరకు అది గిరగిరా తిరిగే పల్సార్ అనే మృతనక్షత్రమని తేలింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు ఏళ్ల తరబడి పట్టిన కొన్ని వింత సంకేతాలు, అక్కడి సిబ్బంది వంట పూర్తికాకముందే మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తీయడం వల్ల వచ్చినవని 2015లో తేలింది. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్లపాటు వచ్చిన బలమైన సంకేతం ఒకటి మాత్రం నేటికీ పూర్తిగా తేలలేదు, కానీ అది మళ్లీ ఎన్నడూ రాలేదు. రెండోసారి దొరకనిదాన్ని ఆధారంగా ఒప్పుకోరు. 2025 ఏప్రిల్‌లో, భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ జాడలు కనబడ్డాయని ప్రకటించింది. మన భూమి మీద ఆ వాయువును ఎక్కువగా పుట్టించేది సముద్రపు ప్లాంక్టన్, అంటే మీ గుంట నీటికి రంగు తెచ్చే జాతికి దగ్గరి చుట్టాలు. అదే సమాచారాన్ని వేరే బృందాలు మళ్లీ లెక్కించి, అంత గట్టిగా చెప్పడానికి చాలదన్నాయి. ఈ వాదన ఇంకా నడుస్తోంది. నడవాలి కూడా.

దేవుడి సంగతి ఎత్తారు కాబట్టి ఒక్క మాట. గుడిలో మనం స్వామిని అనంతకోటి బ్రహ్మాండ నాయకా అని పిలుస్తాం, ఒక్క బ్రహ్మాండానికే నాయకుడని పిలవం. ఈ పిలుపును శాస్త్రానికి ఋజువుగా నేను చూపడం లేదు, అలా చూపేవారితో నాకు సరిపడదు. మరోచోట జీవులుంటే మీ భక్తికి వచ్చే లోటేమీ లేదని చెప్పడం వరకే నా ఉద్దేశం.

మీ అమ్మాయికి ఏం చెప్పాలంటే, ముందు ఆ రోజు కసిరినందుకు పొరపాటు నాదే అని చెప్పండి. తండ్రి నోట ఆ మాట వింటే పిల్లలు చులకన చేస్తారని మన ఇళ్లలో ఒక భయం ఉంది, నేను చూసినంతవరకు జరిగేది అందుకు విరుద్ధం. తర్వాత, "లేరని నాకు తెలియదు, నిజమే, ఉండి తీరతారని నీకెట్టా తెలుసమ్మా?" అని ఆమె ప్రశ్ననే ఆమెకు తిప్పి వేయండి, అయితే గెలవడానికి వేసినట్టు కాకుండా, వినడానికి వేసినట్టు వేయండి. ఆమె నక్షత్రాల సంఖ్య చెబుతుంది. అప్పుడు బతుకు శాతం అడగండి. ఆ లెక్కలో మీకున్న అనుభవం ఆమెకు లేదు, ఆమెకున్న పుస్తకాలు మీకు లేవు. ఇద్దరికీ చాలా రాత్రుళ్లకు సరిపడా మాట ఉంది.

డిసెంబరు, జనవరి నెలల్లో చంద్రుడు లేని ఒక రాత్రి తొమ్మిదింటికి ఆమెను గుంటల దగ్గరకు తీసుకెళ్లి, గట్టు మీది లైట్లు కాసేపు ఆపించండి. మూడు చుక్కలు దగ్గరదగ్గరగా ఒకే గీతలో ఉండే ఓరియన్ నడికట్టు మీకు ఇట్టే దొరుకుతుంది. దానికి దక్షిణంగా, కాస్త పడమటిగా నీలి తెలుపులో వెలిగే పెద్ద చుక్క రిగెల్. చేయి చాచి, రిగెల్ దగ్గర చిటికెన వేలు ఉంచి, పడమటి వైపు ఒక జానెడు, ఆపైన మరికాస్త కొలిస్తే, అంతగా వెలుగులేని ఒక చుక్క ఉంటుంది. డ్రేక్ 1960లో చెవిపెట్టి విన్న ఎప్సిలాన్ ఎరిడానీ అదే. అది పదిన్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కాబట్టి ఆ రాత్రి మీ ఇద్దరి కళ్లలో పడే వెలుతురు అక్కడి నుంచి బయలుదేరినప్పుడు మీ అమ్మాయి బహుశా ఒకటో తరగతి పలక పట్టుకుని బడికి పోతూ ఉండి ఉంటుంది.